ఎడారి పార్కుల్లో తీరుబడి ప్రయాణం

అమెరికా నైరుతి భాగంలోని ఎడారి నేల మీద నేషనల్ పార్కులు ఇరుగుపొరుగు ఊళ్లలా ఉంటాయి. లాస్ వేగస్ నుంచి కారులో పడమటికి వెళితే రెండు రెండున్నర గంటల్లో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ వస్తుంది. ఈశాన్యానికి వెళితే మూడు గంటల లోపే యూటాలోని జయాన్. జయాన్ నుంచి రెండు గంటల్లో బ్రైస్ క్యాన్యన్, అది దాటి మూడు గంటల్లో క్యాపిటల్ రీఫ్, ఇంకో రెండున్నర గంటల్లో మోఆబ్ అనే చిన్న ఊరు. మోఆబ్‌ను ఆనుకునే ఆర్చెస్ పార్కు, కాస్త ఎడంగా క్యాన్యన్‌ల్యాండ్స్. దక్షిణాన అరిజోనాలో గ్రాండ్ క్యాన్యన్ ఉండనే ఉంది. మ్యాపు మీద వీటన్నిటినీ కలుపుతూ ఒక గీత గీస్తే వారం సెలవుకు సరిగ్గా సరిపోతుందనిపిస్తుంది. పైగా యూటా పర్యాటక శాఖ తమ అయిదు పార్కులనూ 'మైటీ ఫైవ్' పేరుతో ఒక్క మూటగా కట్టి ప్రచారం చేసింది. దాంతో అయిదింట్లో ఒక్కటి తగ్గినా ప్రయాణం వెలితిపడినట్టే అనుకునేవారు ఎక్కువయ్యారు. తీరుబడిగా తిరగాలనుకునేవారు ముందుగా చెరిపేయాల్సింది ఆ గీతనే.

ఈ దారుల్లో మైళ్ల లెక్క ఒకటి, గంటల లెక్క ఒకటి. బ్రైస్ నుంచి క్యాపిటల్ రీఫ్‌కు పోయే యూటా 12వ నంబరు రోడ్డు దాదాపు 120 మైళ్లు, అంటే 190 కిలోమీటర్ల చిల్లర. ఎస్కలాంటే, బౌల్డర్ ఊళ్ల మధ్య ఒకచోట ఈ రోడ్డు సన్నటి రాతి గట్టు మీద నడుస్తుంది. రెండు పక్కలా లోయే, చాలా మేర అడ్డుగోడ కూడా ఉండదు. అది దాటగానే 9 వేల అడుగులకు పైగా ఎక్కి, గాలికి వణికే ఆస్పెన్ చెట్ల అడవిలోంచి దిగుతుంది. మేతకు వదిలిన ఆవులు రోడ్డు మీదికి వస్తుంటాయి. ఆగి చూడాల్సిన చోట్లు పది దాకా తగులుతాయి. ఫోను మూడు గంటలని చెప్పే ఈ దారికి పూటంతా పట్టినా ఆశ్చర్యం లేదు. నిజానికి కొన్ని పార్కులకంటే ఈ రోడ్డే బాగుంటుంది. గ్రాండ్ క్యాన్యన్ సంగతి మరీ విచిత్రం. దక్షిణపు అంచున నిలబడి చూస్తే ఉత్తరపు అంచు ఎదురుగానే కనిపిస్తుంది, పక్షికైతే పది మైళ్లే. కారుకు మాత్రం చుట్టూ తిరిగి 200 మైళ్లకు పైగా పడుతుంది.

కాబట్టి చూడాల్సిన పార్కులు ఎన్ని అన్నదానికంటే, రాత్రుళ్లు ఏ ఊళ్లో ఎన్ని గడపాలన్నది ముందు తేల్చుకోవాలి. ఒక ఊళ్లో ఒక్క రాత్రి అంటే సామాను దించడం, మళ్లీ ఎక్కించడం తప్ప మిగిలేదేమీ ఉండదు. రెండు రాత్రులైతే ఒక నిండు రోజు చేతికొస్తుంది. మూడైతే వాన పడినా, ఒళ్లు నలతగా ఉన్నా సర్దుకోవచ్చు. పది రాత్రులు చేతిలో ఉంటే జయాన్ ముంగిట ఉన్న స్ప్రింగ్‌డేల్‌లో మూడు, బ్రైస్ దగ్గర రెండు, క్యాపిటల్ రీఫ్ పక్కన టోరీలో రెండు, మోఆబ్‌లో మూడు అని పంచుకుంటే సుఖంగా సాగుతుంది. వారమే ఉంటే జయాన్, బ్రైస్ చాలు. లేదా మోఆబ్ ఒక్కచోటే దిగి ఆర్చెస్, క్యాన్యన్‌ల్యాండ్స్ చూసి రావచ్చు. గ్రాండ్ క్యాన్యన్‌ను దీంట్లో ఇరికించకుండా వేరే ప్రయాణానికి అట్టిపెట్టడమే మంచిది. పిల్లలను చూడ్డానికి తెలుగు నేల నుంచి వచ్చిన అమ్మానాన్నలు కారులో ఉంటే ఈ లెక్కలో ఇంకో పార్కు తగ్గించినా నష్టం లేదు.

కాలం ఎంపిక రెండో మెట్టు. ఎడారి పార్కులన్నిటికీ ఒకే కాలం నప్పదు, ఎందుకంటే అవన్నీ ఒకే ఎత్తున లేవు. డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ బేసిన్ సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉంది. ఉత్తర అమెరికా ఖండంలో అంతకంటే పల్లం లేదు. బ్రైస్ క్యాన్యన్ అంచు 8 వేల నుంచి 9 వేల అడుగుల ఎత్తున ఉంది. వెయ్యి అడుగులు ఎక్కినకొద్దీ రెండు మూడు డిగ్రీల సెల్సియస్ వేడి తగ్గుతుంది కాబట్టి, ఒకే రోజున ఒకచోట చొక్కా తడుస్తుంటే మరోచోట స్వెట్టర్ వెతుక్కోవాల్సి వస్తుంది. నిజం చెప్పాలంటే బ్రైస్ ఎడారి కానే కాదు, ఎడారి మధ్యన లేచిన చల్లటి పీఠభూమి. అక్కడి రాతి స్తంభాలను చెక్కింది కూడా ప్రధానంగా మంచే. పగలు కరిగిన నీరు పగుళ్లలోకి దిగి, రాత్రి గడ్డకట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. ఏడాదిలో నెలల తరబడి ఈ కరగడం, గడ్డకట్టడం సాగుతూనే ఉంటుంది. అందుకే మే నెలలో కూడా అక్కడ తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి.

యూటా పార్కులకు ఏప్రిల్, మే, సెప్టెంబరు చివర, అక్టోబరు మంచి రోజులు. జాషువా ట్రీ, అరిజోనాలోని సవారో, డెత్ వ్యాలీ లాంటి పల్లపు ఎడారులకు నవంబరు నుంచి మార్చి దాకా. డెత్ వ్యాలీలో వేసవి ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1913 జూలై 10న అక్కడి ఫర్నెస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ రికార్డుల పట్టికలో ఇప్పటికీ అదే మొదటి అంకె. 2024 జూలైలో నెల మొత్తానికి, రాత్రీ పగలూ కలిపి తీసిన సగటే 42.5 డిగ్రీలు. రెంటచింతల, రామగుండం ఎండలు ఎరిగినవారికి ఇదేమంత లెక్క అనిపించవచ్చు. తేడా ఎక్కడంటే, అక్కడి గాలిలో తేమ లేదు. చెమట పట్టిన మరుక్షణం ఆరిపోతుంది, పట్టినట్టే తెలియదు. ఒంట్లో నీరు పోతున్న సంగతి తెలిసేసరికి తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైపోతాయి. మరీ వేడెక్కిన గాలి పలచబడటం వల్ల అలాంటి మధ్యాహ్నాల్లో రక్షక హెలికాప్టర్లు కూడా ఎగరలేవు. వేసవిలో పల్లపు ప్రాంతాల్లో ఉదయం పది దాటాక నడకలు పెట్టుకోవద్దని పార్కు సిబ్బంది గట్టిగా చెబుతారు. ఫిబ్రవరిలో అదే లోయ మెత్తటి ఎండతో హాయిగా ఉంటుంది. ముందటి శీతకాలం వానలు సరిగ్గా కుదిరిన 2005, 2016 లాంటి ఏళ్లలో నేలంతా పసుపు పూలతో నిండిపోయింది. ఆ పూతను నమ్ముకుని మాత్రం నెలల ముందే గది తీసుకోవడం కుదరదు. వస్తే వచ్చింది, లేకపోతే లేదు.

ఏ కాలమైనా, ఏ పార్కైనా, ఎడారిలో రోజుకు రెండు కొసలే ఉంటాయి, మధ్యభాగం ఖాళీ. తెల్లవారుజాము నుంచి తొమ్మిదిన్నర పది దాకా ఒకటి, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా రెండోది. నడవాల్సిన దారులు, చూడాల్సిన రాళ్లు ఈ రెండు కొసల్లోనే పట్టాలి. మధ్యాహ్నం నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఎర్రరాయి కూడా వెలవెలబోయి ముద్దలా కనిపిస్తుంది, నీడ లేక రాతి చారలు తెలియవు. పొద్దు వాలేసరికి అదే గోడ నిప్పులా మండుతుంది. ఉదాహరణకు ఆర్చెస్ పార్కులో పేరుమోసిన రాతి తోరణం డెలికేట్ ఆర్చ్‌ను తీసుకోవచ్చు. రానూపోనూ మూడు మైళ్ల నడక. సగం దారి నున్నటి బోడి బండ మీదుగా ఎగువకు సాగుతుంది, చెట్టు నీడ లేదు, తాగునీరు లేదు. మిట్టమధ్యాహ్నం ఎక్కినవారికి కొండ మీద గుర్తుండేది దాహమొక్కటే. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు బయల్దేరితే బండ చల్లబడుతూ ఉంటుంది. కొండ చివరి మలుపు తిరగగానే ఆర్చ్ ఎదురుగా నిలబడి ఉంటుంది. దిగేటప్పుడు చీకటి పడుతుంది కాబట్టి తలకు కట్టుకునే దీపం తప్పనిసరి. ఫోను లైటును నమ్ముకుంటే ఒక చేయి దానికే సరిపోతుంది.

అందువల్ల మధ్యాహ్నానికి ఏదీ పెట్టకపోవడమే ప్రణాళికలో అసలు నైపుణ్యం. గదికి వచ్చి కునుకు తీయడం, పార్కు విజిటర్ సెంటర్‌లో కూర్చోవడం, ఊళ్లోని చిన్న మ్యూజియం చూడటం, ఒక ఊరి నుంచి మరో ఊరికి కారులో వెళ్లడం, ఇవన్నీ ఆ నాలుగైదు గంటల్లోకి నెట్టేయాలి. పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లే కుటుంబాలకు ఈ పద్ధతి ఇట్టే కుదురుతుంది.

క్యాపిటల్ రీఫ్‌లో మధ్యాహ్నాలు గడపడానికి ఇంకో మంచి చోటుంది. పార్కు నడిబొడ్డున ఫ్రూటా అనే పాత పల్లె ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ స్థిరపడిన మోర్మన్ కుటుంబాలు నది ఒడ్డున పండ్లతోటలు వేశాయి. ఊరు ఖాళీ అయినా తోటలు మిగిలాయి, ఇప్పుడు పార్కే వాటిని సాకుతోంది. జూన్‌లో చెర్రీలు, ఆ తర్వాత ఆప్రికాట్లు, ఆగస్టులో పీచ్‌లు, శరదృతువులో ఆపిల్స్ పండుతాయి. కోతకు తెరిచిన తోట ముందు బోర్డు ఉంటుంది, నిచ్చెనలూ ఉంటాయి. చెట్టు కింద నిలబడి ఎన్ని తిన్నా డబ్బు అడగరు. సంచీలో వేసుకుని తీసుకెళ్లేవాటిని మాత్రం అక్కడున్న త్రాసులో తూచి, సొమ్ము ఎవరికి వారే పెట్టెలో వేయాలి. చుట్టూ వెయ్యి అడుగుల ఎర్రకొండ, మధ్యన కాలువ పారే పచ్చటి తోట. మైటీ ఫైవ్ చుట్టేవారిలో చాలామంది ఈ పార్కును గంటలో దాటేస్తారు. వదులుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇది మాత్రం కాదు.

నీళ్ల విషయంలో బేరాలు లేవు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు అన్నది పార్కులు చెప్పే లెక్క. కారు చెడిపోయి ఆగాల్సి వస్తే పనికొచ్చేలా మరో రోజుకు సరిపడా అదనంగా కారులో ఉండాలి. జాషువా ట్రీ లోపలి భాగంలో కుళాయి అనేదే దొరకదు. ప్రవేశద్వారాల దగ్గరే పట్టుకోవాలి. అయితే నీళ్లు మాత్రమే తాగుతూ పోవడమూ ప్రమాదమే. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాకపోతే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, మగత వస్తాయి. గ్రాండ్ క్యాన్యన్ రేంజర్లు నడిచేవారికి నీళ్లతోపాటు ఉప్పటి తిండి తినమని పదేపదే చెప్పేది ఇందుకే. మన ఇళ్లలో చేసే పులిహోర, వేయించిన పల్లీలు ఈ పనికి బాగా ఉపయోగపడతాయి. శాకాహారులకైతే వేరే దారి కూడా లేదు. ఎస్కలాంటే, టోరీ లాంటి ఊళ్లలో హోటళ్లే తక్కువ, శీతకాలం అవీ చాలావరకు మూతపడతాయి. ఐస్ పెట్టెలో పెరుగు, పండ్లు, రొట్టెలు ఉంచుకుని పెద్ద ఊరు తగిలినప్పుడల్లా నింపుకుంటూ పోవాలి.

పెట్రోలుకు సూత్రం ఒకటే: ట్యాంకు సగానికి రాగానే నింపాలి. మోఆబ్ నుంచి తిరుగుదారిలో 70వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద గ్రీన్ రివర్ దాటాక సలైనా దాకా వంద మైళ్లకు పైగా బంకు లేదు, హోటలు లేదు, ఊరే లేదు. డెత్ వ్యాలీ లోపల బంకులు ఉన్నా ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల రాదు కాబట్టి మ్యాపు ముందే దించుకోవాలి, కాగితపు మ్యాపు కూడా దగ్గరుండాలి. ఇక్కడ జీపీఎస్ దగ్గరిదారి పేరుతో పాడుబడ్డ గని రోడ్లలోకి తోలడం, కారు ఇసుకలో దిగబడటం ఎన్నోసార్లు జరిగింది. వాటిలో కొన్ని చావుల దాకా పోయాయి. కారు ఆగిపోతే కారు దగ్గరే ఉండాలి. వెతికేవారికి మనిషి కంటే కారు త్వరగా కనిపిస్తుంది. సాయం కోసం ఎండలో నడిచి వెళ్లినవారే ఎక్కువగా చిక్కుల్లో పడ్డారు. డెత్ వ్యాలీలో రాళ్లు వాటంతట అవే జరిగినట్టు గీతలు పడే రేస్‌ట్రాక్ మైదానానికి చాలామందికి వెళ్లాలని ఉంటుంది. పలచటి మంచు పలకలు గాలికి కదులుతూ రాళ్లను నెడతాయని 2014లో శాస్త్రవేత్తలు తేల్చారు. కానీ అక్కడికి 27 మైళ్ల గతుకుల కంకరదారి. మామూలు అద్దె కారు టైర్లను ఆ రాళ్లు చీల్చేస్తాయి. తీరుబడి ప్రయాణంలో దీనికి చోటు లేదు.

ఎండ తర్వాత ఎడారిలో భయపడాల్సింది నీళ్లకే. జూలై నుంచి సెప్టెంబరు దాకా అక్కడా రుతుపవనాల కాలమే. బోడి రాతి మీద పడిన వాన ఇంకదు, ఎక్కడెక్కడి నీరూ సన్నటి ఇరుకు లోయల్లోకి గోడలా వచ్చిపడుతుంది. పైన ఆకాశం నీలంగానే ఉండవచ్చు, వాన మైళ్ల అవతల కురిసి ఉండవచ్చు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని లోయర్ యాంటిలోప్ క్యాన్యన్‌లో ఇలాగే వరద వచ్చి పదకొండు మంది పర్యాటకులు చనిపోయారు. 2015 సెప్టెంబరులో జయాన్‌లోని కీహోల్ క్యాన్యన్‌లో ఏడుగురు. జయాన్‌లో వర్జిన్ నది నీళ్లలోనే నడిచి వెళ్లే నేరోస్ దారికి బయల్దేరేముందు ఆ రోజు వరద హెచ్చరిక ఏ స్థాయిలో ఉందో విజిటర్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవాలి. ప్రమాదం ఉందంటే ఆ రోజుకు మానుకోవాలి. ఒకే ఊళ్లో మూడు రాత్రులు ఉన్నవారికి ఇలా మానుకోవడం కష్టం కాదు. మర్నాడు ఉంది కాబట్టి. ఒక్క పూటే ఉన్నవారే 'ఇంత దూరం వచ్చాం కదా' అని దిగుతారు.

అనుమతులు, రుసుముల గొడవ కొంచెం విసుగు పుట్టించినా ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సిందే. జయాన్‌లో ఏంజెల్స్ ల్యాండింగ్ శిఖరం ఎక్కాలంటే 2022 ఏప్రిల్ నుంచి లాటరీలో అనుమతి దక్కాలి. ఎత్తులంటే బెదిరేవారు, పిల్లలు ఉన్నవారు దాన్ని మర్చిపోవడమే మేలు. 2000 సంవత్సరం నుంచి వసంతం మొదలు శరత్తు చివరిదాకా జయాన్ లోయలోకి సొంత కార్లను రానివ్వడం లేదు. ఉచిత షటిల్ బస్సుల్లోనే వెళ్లాలి. 1956, 57ల్లో ఆర్చెస్‌లో రేంజర్‌గా పనిచేసిన రచయిత ఎడ్వర్డ్ యాబీ, 1968లో వచ్చిన 'డెజర్ట్ సాలిటేర్' పుస్తకంలో పార్కుల్లోంచి కార్లను వెళ్లగొట్టమని మండిపడ్డాడు. అప్పట్లో అది మొండివాదంలా వినిపించింది. జయాన్ బస్సులో కూర్చుని హారన్ల మోత లేని లోయను చూసినవారికి ఆయన మాటలో పస తెలుస్తుంది. ఆర్చెస్‌లో కొన్నేళ్లపాటు రద్దీ నెలల్లో ముందుగా వేళ బుక్ చేసుకుంటేనే లోపలికి వదిలారు. ఇలాంటి నిబంధనలు ఏడాదికేడాది మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు పార్కు వెబ్‌సైటు చూడాలి. మూసివేతలూ అంతే. 2023 ఆగస్టులో హిలరీ తుపాను వరదకు డెత్ వ్యాలీ దాదాపు రెండు నెలలు మూతపడింది. 2025 జూలైలో కార్చిచ్చుకు గ్రాండ్ క్యాన్యన్ ఉత్తరపు అంచున ఉన్న చారిత్రక లాడ్జి కాలిపోయింది. ప్రవేశానికి అమెరికాలో నివసించేవారు 80 డాలర్ల వార్షిక పాస్ తీసుకుంటే కారులోని వారందరికీ చెల్లుతుంది. 2026 నుంచి విదేశాల నుంచి వచ్చే సందర్శకులకు దాని ధర 250 డాలర్లయింది. మాన్యుమెంట్ వ్యాలీ నవాహో జాతి ప్రజల సొంత పార్కు, అక్కడ ఈ పాస్ చెల్లదు.

గడియారం కూడా ఈ ప్రాంతంలో ఒక చిక్కే. లాస్ వేగస్ నుంచి యూటాలోకి అడుగుపెట్టగానే గంట ముందుకు జరుగుతుంది. అరిజోనా వేసవి సమయం పాటించదు, కానీ ఆ రాష్ట్రంలోనే ఉన్న నవాహో భూభాగం పాటిస్తుంది. వేసవిలో ఒకే రోజు ఈ హద్దులు అటూ ఇటూ దాటితే ఫోన్ గడియారం నిమిషానికో మాట చెబుతుంది. గైడుతో వెళ్లే పర్యటన టికెట్ తీసుకున్నప్పుడు అది ఎవరి సమయమో అడిగి రాసుకోవాలి.

దారిలో కాలు ఎక్కడ పెట్టాలన్నదీ తెలిసి ఉండాలి. మోఆబ్ చుట్టుపక్కల ఇసుక మీద నల్లగా, గరుగ్గా, చిన్నచిన్న బుడిపెలతో ఒక పొర కనిపిస్తుంది. మాడిపోయిన మట్టిలా ఉంటుంది గానీ అది ప్రాణమున్న పొర. సయనోబ్యాక్టీరియా తమ సన్నటి పోగులతో ఇసుక రేణువులను కుట్టి కట్టిన నేల అది. గాలికి ఇసుక లేవకుండా, వాన నీరు నిలిచేలా చేసేది అదే. ఒక్క బూటు అచ్చు పడితే మళ్లీ అతుక్కోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అందుకే గుర్తించిన బాట మీద, లేదంటే బోడి బండ మీద, ఎండిన వాగు ఇసుకలో మాత్రమే నడవాలి. బండల మీద పాతకాలపు ఆదివాసులు చెక్కిన బొమ్మలను తాకకూడదు, చేతి జిడ్డు వాటికి హాని.

రాత్రుళ్లకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు, అమావాస్య దగ్గరి రోజులు ఎంచుకుంటే చాలు. యూటాలోని నేచురల్ బ్రిడ్జెస్ 2007లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా గుర్తింపు పొందింది. చుట్టుపక్కల పార్కుల్లో చాలావాటికి ఇప్పుడు ఆ గుర్తింపు ఉంది. దీపాలన్నీ ఆర్పి పావుగంట నుంచి అరగంట దాకా కళ్లను చీకటికి అలవాటు పడనిస్తే పాలపుంత స్పష్టంగా కనిపిస్తుంది. ఎడారిలో రాత్రి వేడి గబగబా దిగిపోతుంది కాబట్టి దుప్పటి ఉండాలి.

తిరుగు ప్రయాణం కోసం ఒక రోజు పూర్తిగా వదిలేయాలి. మోఆబ్ నుంచి లాస్ వేగస్ 460 మైళ్ల దూరం, ఏడు గంటల డ్రైవింగ్. మోఆబ్ నుంచి నాలుగు గంటల్లో సాల్ట్ లేక్ సిటీ చేరి అక్కణ్ణుంచి విమానం ఎక్కవచ్చు. కాకపోతే ఒక ఊళ్లో తీసుకున్న కారు మరో ఊళ్లో అప్పగించినందుకు అద్దె కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి. రెంటికీ తేడా చూసుకుని ముందే తేల్చుకోవాలి. చాలా అద్దె ఒప్పందాలు మట్టిరోడ్ల మీద జరిగే నష్టానికి బీమా ఇవ్వవు, ఆ వాక్యం సంతకం పెట్టకముందే చదవాలి. కారు లోపల ఇసుక పేరుకుపోతే శుభ్రం చేసే ఖర్చు బిల్లులో పడుతుంది కాబట్టి, అప్పగించేముందు ఏ పెట్రోలు బంకు దగ్గరో వ్యాక్యూమ్ పట్టించుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది.